అరెనాలో కాపురాలు

‘పరాన్నజీవులు’ అన్న మాట దగ్గర శకుంతల వేళ్ళు టైపురైటర్ మీద ఆగిపోయాయి.

రూవియేర్ గారు ఫ్రెంచిలో రాసింది స్పష్టంగానే ఉంది. అరెనాను పట్టుకుని వేలాడుతున్న పరాన్నజీవుల వంటి ఇళ్ళను పీకేసి, ఆ మహాకట్టడానికి విముక్తి కలిగించారు, అని. దాన్ని ఇంగ్లీషులోకి తేవడం ఏమంత కష్టం కాదు. హైదరాబాదులో సాయంత్రం క్లాసులకు వెళ్ళి నేర్చుకున్న ఫ్రెంచి ఆ మాత్రానికి చాలు. కాని ఆ వాక్యం ఆమెకు మింగుడు పడలేదు.

రూవియేర్ గారు దోహాలో కంపెనీ కడుతున్న ఆటల మైదానానికి సలహాదారు. అరవై దాటిన మనిషి, పొడుగరి, ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. జనం కూర్చునే మెట్ల స్టాండు డిజైను ఆయనదే. వేసవి సెలవులకు అందరూ ఊళ్ళకు వెళ్ళేలోగా, గురువారం సాయంత్రం కంపెనీ హాల్లో స్లైడ్లు వేసి తన సొంత ఊరు నీమ్ గురించి మాట్లాడాలని ఆయన కోరిక. నీమ్ ఫ్రాన్సుకు దక్షిణాన ఉన్న పాత నగరం. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. సైటు ఇంజనీరు కృష్ణప్రసాద్ భార్యకు ఫ్రెంచి వచ్చునని ఎవరో చెబితే, ఆయనే ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మొహమాటపడుతూ అడిగాడు. అప్పటినుంచి శకుంతల పొద్దుటిపూట భర్తతో పాటు సైటుకు వచ్చి, చెక్క క్యాబిన్‌లో కూర్చుని ఆయన కాగితాలు ఇంగ్లీషు చేస్తోంది.

ఆ పని ఆమెకు నచ్చింది. గుడివాడలో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఎడారికి వచ్చి, ఎండ రాకుండా కిటికీకి అట్టలు కట్టుకుని కూర్చున్న మనిషికి రోజుకొక శతాబ్దం చూడటం బాగుంది. మొదట అక్కడ ఒక ఊట ఉండేదట. ఆ ఊటనే దేవుడిగా కొలిచే జనం దాని చుట్టూ ఇళ్ళు వేసుకున్నారు. తర్వాత రోమన్లు వచ్చారు. ఈజిప్టులో యుద్ధం చేసిన సిపాయిలకు అక్కడ భూములు ఇచ్చారని, అందుకే ఆ ఊరి ముద్ర మీద ఖర్జూర చెట్టుకు కట్టేసిన మొసలి ఉంటుందని ఆయన రాశాడు. కొండల అవతలినుంచి మూడంతస్తుల వంతెన మీదుగా నీళ్ళు తెచ్చారు. వేలమంది కూర్చుని కత్తియుద్ధాలు చూడటానికి గుండ్రంగా, మెట్లు మెట్లుగా రాతి అరెనా కట్టారు. రోమన్ల రాజ్యం పోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అరెనా తోరణాలు మూసేసి కోట చేసుకున్నారు. కోట తగలబడింది. ఊరంతా కూలిన గోడల రాళ్ళు మోసుకుపోయి దొడ్లు కట్టుకుంది. అప్పుడు అరెనాలోకి కాపురాలు వచ్చాయి. లోపల సందులు, రెండు చర్చిలు, ఒక బావి, కోళ్ళు, పెళ్ళిళ్ళు. కొన్ని వందల ఏళ్ళు ఆ మెట్ల మీదే ఒక ఊరు బతికింది. మతం పేరుతో నరుక్కున్న రోజులు పోయి, మగ్గాల రోజులు వచ్చి, ఆ ఊరి గుడ్డ ‘ద నీమ్’, అంటే నీమ్‌ది, అన్న పేరుతోనే ఓడలెక్కింది. ఇప్పుడు ప్రపంచమంతా తొడుక్కునే డెనిమ్ ప్యాంటుకు ఆ పేరు అక్కడినుంచే వచ్చిందట.

ఆ తర్వాత వచ్చింది ఈ వాక్యం.

బయట దబదబా చప్పుడయింది. చెక్క విరిగిన చప్పుడు, ఆపైన తెలుగులో ఎవరో అరుస్తున్న చప్పుడు. శకుంతల తలకు పమిట కప్పుకుని బయటికి వచ్చింది.

స్టాండు కింద, మెట్ల వాలు నీడలో, కూలీలు కట్టుకున్న చెక్క గదులను గార్డులు గడ్డపారలతో పీకుతున్నారు. క్యాంపు కట్టడం ఆలస్యమైందని కిందటి చలికాలం కంపెనీయే వాళ్ళను అక్కడ ఉండమంది. షట్టరింగుకు పనికిరాని ప్లైవుడ్ ముక్కలతో అడ్డాలు కట్టుకుని, వంకరపోయిన మేకులు సుత్తితో సాపుచేసి కొట్టుకుని, డెబ్బై మంది దాకా అక్కడ ఉంటున్నారు. అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. ఒక స్టవ్వు పక్కకు పడి ఉంది. ఉడికీ ఉడకని అన్నం ఇసుకలో ఒలికింది. రాజన్న గొంతుక్కూర్చుని, పైపైన ఇసుక అంటని మెతుకులను చేత్తో గిన్నెలోకి తీస్తున్నాడు.

“ఏమైంది రాజన్నా?”

అతను తలెత్తాడు. సిరిసిల్ల మనిషి, నలభై ఏళ్ళవాడు. అక్కడ మగ్గం నేసిన చేతులతో ఇక్కడ సెంట్రింగు పని చేస్తున్నాడు. “ఖాళీ చెయ్యమంటున్రమ్మా. వచ్చే వారం పెద్దోళ్ళు చూడనీకి వస్తున్రంట. మేం కండ్లవడొద్దంట.”

“ఎక్కడికి వెళ్ళమంటున్నారు?”

“వక్రా ఊరికి పోయే తొవ్వల టెంట్లు ఏసిన్రంట. మా ముత్యం పోయి చూసొచ్చిండు. ఇసుక, ఎండ. ఇంకేం లేదు. గీడ నీడ ఉండె తల్లీ. సముద్రం గాలి గూడ వస్తుండె.”

కృష్ణప్రసాద్ కొంచెం దూరంగా, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. భార్యను చూశాడు, చూడనట్టు తల తిప్పుకుని, మళ్ళీ ఆమె వైపు నడిచాడు.

“నువ్వెందుకు వచ్చావిక్కడికి? ఎండ దెబ్బ తగులుతుంది, లోపలికి వెళ్ళు.”

“వాళ్ళకు తగలదా అండీ?”

అతను గార్డుల దగ్గరికి వెళ్ళి, ఇవాళ్టికి చాలు, మిగతాది రేపు చూద్దాం అని చేతులతో సైగ చేసి పంపేశాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఆమె వడ్డిస్తే అతను తల వంచుకుని తిన్నాడు. చారు పోసినప్పుడు, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

“జనరల్ మేనేజర్ నోటి మాట. శనివారానికల్లా ఒక్క చెక్క కూడా కనపడకూడదన్నాడు. నేను కాదంటే నా బదులు ఇంకొకణ్ణి పెడతాడు. వాడు ఇవాళే లారీ ఎక్కిస్తాడు.”

“మిమ్మల్ని నేనేమీ అనలేదు.”

“అనకపోయినా వినపడుతోంది.” అతను చారన్నం కలుపుతూ ఆగాడు. “మన వీసా కూడా కంపెనీదే శకుంతలా. వాళ్ళది లారీ, మనది విమానం. అంతే తేడా.”

శకుంతల మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టింది. అతను చెడ్డవాడు కాదని ఆమెకు తెలుసు. పొద్దున గార్డులను వెనక్కి పంపింది అతనే.

మర్నాడు పొద్దున రూవియేర్ గారు క్యాబిన్‌లోకి వచ్చేసరికి, ఆమె ఆ కాగితం విడిగా తీసి పెట్టింది.

“ఈ మాటకు ఇంగ్లీషు దొరకలేదా?” అన్నాడాయన ఫ్రెంచిలో.

“దొరికింది. రాయబుద్ధి కాలేదు.”

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. “మేడం, ఆ మాట నాది కాదు. మా ఊరి చరిత్ర రాసినవాళ్ళంతా అలాగే రాశారు.”

“అరెనాను కట్టింది ఎవరో రాశారు. తగలబెట్టింది ఎవరో రాశారు. ఖాళీ చేయించిన అధికారులను పొగిడారు. కొన్ని వందల ఏళ్ళు అందులో ఉన్నవాళ్ళ గురించి ఈ ఒక్క మాటేనా?”

“చరిత్రకు ఆధారాలు కావాలి. వాళ్ళు ఏమీ మిగల్చలేదు.”

శకుంతల వెనక కాగితాలు తిరగేసి ఒక చోట వేలు పెట్టింది. “కూలిన గోడల రాళ్ళన్నీ జనం మోసుకుపోయారని మీరే రాశారు. అరెనా రాళ్ళు మాత్రం ఎందుకు పోలేదు? లోపల మనుషులున్నారు కాబట్టి. తమ ఇంటి గోడను ఎవరు పీకనిస్తారు? నాకు చరిత్ర తెలియదండీ. చదువుతుంటే అలా అనిపించింది.”

ఆయన ముఖం ఎర్రబడింది. కోపమేమో అనుకుంది ఆమె. కాగితం తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, ఆయన ఆఫీసు వైపు కాక స్టాండు వైపు నడుస్తున్నాడు. కాసేపటికి గార్డు వచ్చి, దొరగారు రమ్మంటున్నారని చెప్పాడు.

స్టాండు కింద పీకగా మిగిలిన గదుల్లో ఒకదాని ముందు ఆయన తల వంచి నిలబడి ఉన్నాడు. ఆ గది రాజన్నది, ముత్యానిది, ఇంకో నలుగురిది. మెట్ల వాలు కింద ఎత్తు తగ్గిన వైపు బియ్యం బస్తాలు, ట్రంకు పెట్టెలు సర్దారు. తల పట్టేంత ఎత్తున్న వైపు పక్కలు వేసుకున్నారు. మనిషి నిటారుగా నిలబడగల చోట తాడు కట్టి బట్టలు ఆరేశారు. పాలపొడి డబ్బాలో పుదీనా పెంచుతున్నారు.

“ఈ సందు ఎందుకూ పనికిరాదని నేను నక్షాలో గీతలు కొట్టి వదిలేశాను,” అన్నాడాయన మెల్లగా. “వీళ్ళ పేర్లేమిటి?”

ఆమె చెప్పింది. ఆయన ఊరి పేరు రాజన్న అడిగాడు.

“నీమ్,” అన్నాడాయనే, ఆమె ఆ ప్రశ్న ఫ్రెంచిలో చెప్పగానే.

రాజన్న ముఖం విప్పారింది. “నీమ్ అంటె యాపచెట్టే గదా అమ్మా? హిందీల గట్లనే అంటరు. దొరది యాపలూరు అన్నట్టు.”

శకుంతల నవ్వాపుకోలేక, వేపచెట్టు గురించి ఫ్రెంచిలో చెప్పింది. ఆకు చేదు, నీడ చల్లన, అమ్మవారు పోస్తే పరిచేది ఆ రెమ్మలే అని. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“మా ఊళ్ళో ఆ చెట్టు లేదు. కాని ఆ పేరుకు అదే మంచి అర్థం. అతనికి చెప్పండి.”

రాజన్న లోపలికి పోయి బ్లాక్ టీ తెచ్చాడు. పుదీనా రెండాకులు తుంచి వేసి ఇచ్చాడు. రూవియేర్ గారు బియ్యం బస్తా మీద కూర్చుని, గ్లాసు చల్లారేదాకా రెండు చేతుల్లో పట్టుకుని, పైన వాలుగా దిగుతున్న కాంక్రీటును చూస్తూ ఉండిపోయాడు. అది ఆయన గీసిన గీతే.

ఆ మధ్యాహ్నమే లారీ వచ్చింది. కృష్ణప్రసాద్ డ్రైవరు దగ్గరికి వెళ్ళి, ఉత్తరం వైపు స్లాబు నిన్ననే పోశామని, దాని మీద గోనెపట్టాలు రేయింబవళ్ళు తడుపుతూ ఉండాలని, మనుషులు దూరంగా ఉంటే స్లాబు పగుళ్ళు పడుతుందని, పడితే ఆ బాధ్యత ఎవరిదో మేనేజర్‌నే రాసివ్వమనమని చెప్పాడు. చెప్పిందంతా నిజమే. డ్రైవరు భుజాలెగరేసి, మాఫీ ముష్కిల్, ఫర్వాలేదు, అంటూ ఖాళీ లారీ తోలుకుని వెళ్ళిపోయాడు. ముత్యం అప్పటికే పైపు పట్టుకుని స్లాబు ఎక్కాడు. అవసరానికి మించి తడిపాడు ఆ రోజు.

“రెండు రోజులు,” అన్నాడు కృష్ణప్రసాద్ ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో. “అంతకు మించి నా వల్ల కాదు.”

శకుంతల గేరు మీద ఉన్న అతని చెయ్యిమీద చెయ్యి వేసింది.

గురువారం సాయంత్రం హాలు సగానికి పైగా నిండింది. ఫ్రెంచివాళ్ళు కొందరు భార్యలతో వచ్చారు. ఇంజనీర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, ముందు వరసలో జనరల్ మేనేజర్. మొదలుపెట్టబోతుండగా అర్బాబ్ వచ్చాడు. కంపెనీ యజమానిని అందరూ అలాగే అంటారు. కాళ్ళదాకా దిగిన తెల్లటి దిష్‌దాషాలో సన్నటి ముసలాయన. చిన్నప్పుడు తండ్రితో ముత్యాల పడవల మీద వెళ్ళి సముద్రంలో మునకలేసినవాడని చెప్పుకుంటారు. ఆయన వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆయనతో హైదరాబాదు ఇక్రాముద్దీన్ ఉన్నాడు. కంపెనీలో అరబ్బీ వ్యవహారాలన్నీ చూసే పెద్దమనిషి అతను. అర్బాబ్ పక్కనే కూర్చుని చెవి దగ్గర మెల్లగా చెప్పడానికి సిద్ధమయ్యాడు.

రూవియేర్ గారు ఒక్కో స్లైడు వేసి ఫ్రెంచిలో రెండు ముక్కలు చెప్పడం, శకుంతల ఇంగ్లీషులో చదవడం, ఇక్రాముద్దీన్ అరబ్బీలో గుసగుసలాడటం. మాట అలా మూడు నోళ్ళు మారుతూ వెళ్ళింది. ఖర్జూర చెట్టు, మొసలి వచ్చినప్పుడు అర్బాబ్ నవ్వాడు. మూడంతస్తుల నీళ్ళ వంతెన వచ్చినప్పుడు ముందుకు వంగాడు. నీళ్ళు ఎన్నాళ్ళు పారాయని అడిగాడు. కొన్ని వందల ఏళ్ళని తెలిసి నాలుక చప్పరించాడు.

అరెనా స్లైడు వచ్చింది. ఎండలో బంగారంలా మెరుస్తున్న ఖాళీ మెట్లు.

శకుంతల చేతిలో కాగితం తిప్పింది. ‘పరాన్నజీవులు’ ఉన్న చోట ఆయన పెన్సిలుతో కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో కొత్త వాక్యాలు రాశాడు. వేదిక ఎక్కేముందు ఆమె చేతిలో పెట్టిన కాగితం అది. ఆమె గొంతు సవరించుకుని చదివింది. “ఈ మెట్ల మీద వందల ఏళ్ళు మనుషులు కాపురాలు చేశారు. ఈ తోరణాల్లో పిల్లలు పుట్టారు. వాళ్ళ ఇంటి గోడ కాబట్టి వాళ్ళు దీన్ని కాపాడారు. తర్వాత, కట్టడం అందంగా కనబడాలని, వాళ్ళను పంపేశారు.”

హాల్లో ఎవరో దగ్గారు. ఇక్రాముద్దీన్ గుసగుస మిగతా వాక్యాల కన్నా ఎక్కువసేపు సాగింది. అర్బాబ్ చెయ్యెత్తాడు.

“వేన్ రాహూ?”

ఇక్రాముద్దీన్ లేచి నిలబడి ఇంగ్లీషులో అడిగాడు. వాళ్ళంతా ఎక్కడికి పోయారు అని ఆయన అడుగుతున్నారు. శకుంతల దాన్ని ఫ్రెంచిలో చెప్పింది. రూవియేర్ గారికి ఆమె చెప్పక్కర్లేకుండానే అర్థమైనట్టుంది. ప్రొజెక్టర్ వెలుగులోకి ఒక అడుగు వేశాడు.

“కొందరు ఊరి బయట మగ్గాల వీధికి,” అన్నాడు. “వాళ్ళలో ఒక చిన్నపిల్ల ఉంది. ఆమె మా అమ్మమ్మకు అమ్మమ్మ. అరెనా వాళ్ళని ఊళ్ళో వెక్కిరించేవారట. అందుకని మా ఇంట్లో ఆ సంగతి పైకి చెప్పుకునేవాళ్ళు కాదు. ఆమె ముసలిదయ్యాక కూడా సంతకు వెళ్తూ వస్తూ, ఆగి ఆ గోడను ఒకసారి అరచేత్తో తాకి వెళ్ళేదట. చలికాలంలో కూడా ఆ రాయి వెచ్చగా ఉంటుందనేదట.”

శకుంతల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఇక్రాముద్దీన్ ఆమె పూర్తిచేసేదాకా చూసి, అర్బాబ్ వైపు వంగాడు. అర్బాబ్ తస్బీ పూసలు జరుపుతూ, తెర మీది ఖాళీ మెట్లను చూస్తూ కూర్చున్నాడు. దీపాలు వేశాక ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు.

జనరల్ మేనేజర్ కృష్ణప్రసాద్ పక్కగా నడుస్తూ, ఇంగ్లీషులో ఒకే మాట అన్నాడు. “శనివారం.”

శనివారం పొద్దున లారీలు రెండు వచ్చాయి. రాజన్న వాళ్ళు మూటలు ముందే కట్టుకుని కూర్చున్నారు. గార్డులతో పీకించుకోవడం ఇష్టం లేక ప్లైవుడ్ అడ్డాలన్నీ తామే విప్పి, మేకులు తీసి, ముక్కలు ఒక వరసలో పేర్చి పెట్టారు. శకుంతల టైపు చేసిన కాగితాలు రూవియేర్ గారికి ఇవ్వడానికి వచ్చి, ఆయనతో పాటు అక్కడే నిలబడింది. ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

ముత్యం మొదటి లారీలోకి ట్రంకు పెట్టె ఎత్తుతుండగా పాత పికప్ ఒకటి ఇసుకలో వచ్చి ఆగింది. అర్బాబ్ తనే తోలుకుంటూ వచ్చాడు. పక్క సీట్లో ఇక్రాముద్దీన్.

ఆయన ఎవరినీ పలకరించలేదు. చెప్పులతోనే స్టాండు కిందికి నడిచాడు. విప్పిన చెక్కలు, చల్లారిన పొయ్యిరాళ్ళు, తాడు మీద మరిచిపోయిన తుండుగుడ్డ చూశాడు. పాలపొడి డబ్బా దగ్గర వంగి, పుదీనా ఆకు ఒకటి నలిపి వాసన చూశాడు.

“ఎవరిది?” అని అరబ్బీలో అడిగాడు.

“నాదే అర్బాబ్,” అన్నాడు రాజన్న, ప్రశ్న అర్థమై.

అప్పటికి మేనేజర్ పరుగున వచ్చాడు. వచ్చే అతిథుల గురించి, వాళ్ళు ఎటునుంచి నడుస్తారో, ఎక్కడ నిలబడతారో చెప్పుకుపోయాడు. అర్బాబ్ అంతా విన్నాడు. తర్వాత మెల్లగా మాట్లాడాడు. ఇక్రాముద్దీన్ కూలీల వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

“గీ స్టాండు కింద ఉండుడు కుదరదు అంటున్నడు. ఆటలు షురూ అయితె గీడ జనం తిరుగుతరు. మంచిది గాదు.”

రాజన్న తల ఊపాడు. ముత్యం మళ్ళీ పెట్టె ఎత్తాడు.

“ఆగు బై, ఆగు. మాట అయిపోలే,” అన్నాడు ఇక్రాముద్దీన్. “సూక్ బజార్ ఎనుక వాళ్ళ నాయిన కట్టిన ఇల్లున్నదట. కొత్త బంగ్లాకు పోయినంక తాళం ఏసిన్రు. మనిషి మసలని ఇల్లు కూలిపోతది, వానకు ఇప్పటికే ఒక మూల కుంగింది అంటున్నడు. మీరు ఉంటె ఇల్లు నిలుస్తది, ఉంటరా అని అడుగుతున్నడు. పొమ్మంటలేడు, అడుగుతున్నడు.”

 ముత్యం చేతిలో పెట్టె అలాగే ఉంది.

“దేవుడు సల్లగ సూడాలె ఆయనను,” అన్నాడు రాజన్న చివరికి. “గని గోడ కుంగితె మా ముత్యం మేస్త్రే. నిలవెడ్తడు. గా మాట చెప్పు సాబ్.”

ఇల్లు పెద్దదే గాని డెబ్బై మందికి చాలదు. నలభై మంది దాకా సర్దుకోవచ్చునని తేలింది. మిగిలినవాళ్ళ మాట వచ్చినప్పుడు కృష్ణప్రసాద్ ఒక అడుగు ముందుకు వేశాడు. మేనేజర్ వైపు చూడకుండా అర్బాబ్‌తోనే ఇంగ్లీషులో అన్నాడు. “ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదులు పూర్తయ్యాయి సార్. కుళాయిలు, ఫ్యాన్లు ఉన్నాయి. చలికాలం దాకా అక్కడికి ఆటగాళ్ళెవరూ రారు. అసలు క్యాంపు కట్టేదాకా వీళ్ళు ఉండొచ్చు. తాళంచెవి నా దగ్గర ఉంది, బాధ్యత కూడా నాదే.”

ఇక్రాముద్దీన్ చెప్పాడు. అర్బాబ్ కృష్ణప్రసాద్‌ను పైనుంచి కింది దాకా చూసి, “జేన్,” అన్నాడు. బాగుంది అని. మేనేజర్ కాగితాల మీద ఏదో రాసుకుంటూ లారీల వైపు వెళ్ళాడు. డ్రైవర్లతో అతను మాట్లాడిన తీరులో కోపం ఉంది గాని, లారీలు వక్రా దారి పట్టలేదు. సూక్ వైపు తిరిగాయి.

రూవియేర్ గారు శకుంతల చేతిలోని కాగితాలు తీసుకుని, ఆ వాక్యం ఉన్న పుట చూసుకున్నాడు.

“మేడం, ఆ మాట దగ్గర మీరు ఆగినందుకు మా అమ్మమ్మకు అమ్మమ్మ తరఫున కృతజ్ఞతలు,” అన్నాడు. అని, ముక్కు తుడుచుకుంటూ స్లాబు చూడ్డానికి వెళ్ళాడు.

ఆ వచ్చిన శుక్రవారం రాజన్న వాళ్ళు భోజనాలకు పిలిచారు.

సూక్ వెనక సన్నటి సందులో ఉంది ఆ ఇల్లు. సముద్రపు రాయి, మట్టి కలిపి కట్టిన మందపాటి గోడలు, మధ్యన వాకిలి, చుట్టూ గదులు. కుంగిన మూలను ముత్యం అప్పటికే ఎత్తాడు. రాళ్ళు ఒక్కొక్కటే విప్పి, కడిగి, మళ్ళీ పేర్చి, సున్నం నానబెట్టి మెత్తగా పూశాడు. ఆ పూత ఇంకా తడిగా ఉంది. రెండేళ్ళకో మూడేళ్ళకో అటునుంచి రోడ్డు వస్తుందని, అప్పుడు ఇల్లు పోతుందని అర్బాబ్ ముందే చెప్పాడట.

“మూడేండ్లు నీడ ఇచ్చెటోడు ఎవడుంటడమ్మా?” అన్నాడు రాజన్న, వాకిట్లో చాపలు పరుస్తూ. “గంతకాలం నేను గీ దేశంల ఉంటనో లేదో.”

హమూరు చేప పులుసు, పప్పు, తెల్లటి అన్నం. వాకిలంతా చింతపండు, వెల్లుల్లి వాసన. కృష్ణప్రసాద్ బూట్లు విప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత అతను ఒళ్ళు విరుచుకోవడం శకుంతల చూసింది. రూవియేర్ గారికి రాజన్న తన ఊరి సంగతి చెబుతున్నాడు. తన తండ్రి, తాత మగ్గం మీదే బతికారని, దొర వాళ్ళ ముసలామె మగ్గాల వీధికి పోయిందని శకుంతలమ్మ చెబితే, ఆ రోజంతా తనకు ఇల్లు యాదికొచ్చిందని. శకుంతల ఫ్రెంచి చేస్తుంటే ఆయన రాజన్న వేళ్ళ వైపు చూశాడు. మగ్గం మీద పోగు ఎలా అతుకుతారో చూపించమన్నాడు. రాజన్న గోనెసంచిలోంచి రెండు పీచులు లాగి, బొటనవేలుతో ఒక్క మెలి తిప్పి అతికి చూపించాడు. రూవియేర్ గారు తనూ ప్రయత్నించాడు. రాలేదు. అందరూ నవ్వారు.

వడ్డన మొదలవబోతుండగా వీధి తలుపు దగ్గర అలికిడయింది. అర్బాబ్ తన తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వెనక ఇక్రాముద్దీన్. నల్లటి అబాయాలో పిట్టంత మనిషి ఆవిడ. కళ్ళు సరిగా కనబడవు. మగవాళ్ళంతా గబుక్కున లేచి పక్కకు ఒదిగారు. శకుంతల వెళ్ళి రెండో చెయ్యి పట్టుకుంది.

ఆవిడ ఎవరి సాయమూ అక్కర్లేనట్టే నడిచింది. గోడను అరచేత్తో తడుముకుంటూ ఒక్కో గదిలోకి వెళ్ళింది. ముత్యం పూసిన కొత్త సున్నం వేళ్ళకు అంటితే వేళ్ళు రుద్దుకుని ఏదో అంది. ఇక్రాముద్దీన్ ముత్యం వైపు చూసి కన్ను గీటాడు. “పనితనం మంచిగున్నది అంటున్నది.”

చివరి గదిలో నెలకు సరిపడా బియ్యం బస్తాలు మూలగా పేర్చి ఉన్నాయి. ఆవిడ చెయ్యి బస్తాకు తగిలి ఆగింది. మెల్లగా కొడుకుతో ఏదో అంది. అర్బాబ్ తల వంచుకున్నాడు.

“ఏమన్నది సాబ్?” అన్నాడు రాజన్న భయంగా.

ఇక్రాముద్దీన్ బస్తాల వైపు చెయ్యి చూపాడు. “అర్బాబ్ గీ జాగలనే పుట్టిండట. గీ బస్తాలున్న మూలకే.”

“అయ్యో!” రాజన్న, ముత్యం ఒక్క అంగలో వెళ్ళి బస్తా చెరో కొసా పట్టుకున్నారు. ఆవిడ తన రెండు చేతులూ బస్తా మీద ఆనించి వాళ్ళను ఆపింది. ఆపి, చాలాసేపు మాట్లాడింది. గొంతు సన్నగా, తొణకకుండా ఉంది. మధ్యలో అల్‌హమ్దులిల్లా, దేవుడికి స్తోత్రం, అన్న మాట ఒక్కటే శకుంతలకు తెలిసింది.

ఇక్రాముద్దీన్ కళ్ళజోడు తీసి కుర్తా అంచుతో తుడుచుకున్నాడు.

“ఆ దినం ఇంట్ల గింజ లేకుండెనట. మగోళ్ళంత పడవల మీదికి పోయిన్రు. పక్కింటోళ్ళు పిడికెడు బియ్యం తెచ్చి గంజి కాసి తాగిపిస్తె, పిలగానికి పాలొచ్చినయట. అదే మూలకు గిప్పుడు ఇన్ని బస్తాలు చేతికి తగులుతున్నయి. తియ్యకుండ్రి, నన్ను సూసుకోనియ్యుండ్రి అంటున్నది. ఇల్లు నింపినందుకు మీకోసం అల్లాకు దువా చేస్తున్నది.”

 అర్బాబ్ గుమ్మం దగ్గర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రాజన్న తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. గోడవారగా చుట్టి ఉన్న మంచి చాప తెచ్చి బస్తాల ముందు పరిచి, దుమ్ము లేకున్నా ఒకసారి దులిపాడు.

“అవ్వా, గట్లయితె ఈన్నే కూసో,” అన్నాడు. “వేడి వేడి అన్నమున్నది. తిని పోదువు.”

ఆ మాటను ఎవరూ అరబ్బీలోకి మార్చలేదు. ముసలావిడ అప్పటికే శకుంతల భుజం ఊతగా పట్టుకుని, చాప మీద కూర్చుంటోంది.